జెచన్ వదిన మొగుడు

ఆ ఆదివారానికి తాక్ గిల్హో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి భార్య మాల్సున్ సంతలోని తన కిమ్చీ పచ్చళ్ల కొట్టుకు బయల్దేరుతుంది. ఆమె అటు వెళ్లగానే రెండు బుట్టల వెల్లుల్లి ముందేసుకుని, ఒలుస్తూ ఒలుస్తూ శనివారం సీరియల్ ఇంకోసారి చూడాలి. తొమ్మిదింటికల్లా దాని మీద తన అభిప్రాయం రాసి పెట్టేయాలి. ఆ తర్వాత ఊరందరూ వెళ్లే స్నానశాలకు పోయి, వేడినీళ్ల తొట్టిలో మెడదాకా మునిగి కూర్చోవాలి. మధ్యాహ్నం వెల్లుల్లి తీసుకెళ్లి కొట్లో అప్పగించాలి.

"చిన్న రెబ్బలని వదిలెయ్యకు," అంది మాల్సున్ గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ. "పోయినసారి రెండు బుట్టలకి మూడు గంటలు చేశావు. ఆ టైములో పక్క ఊళ్లో వెల్లుల్లి నాటి, పీకి, అమ్మేసుకుంటారు."

"ఊఁ."

"మధ్యాహ్నానికి తెస్తావుగా?"

"ఊఁ."

ఆ ఇంటి లెక్కలో అది సుదీర్ఘ సంభాషణే. కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. గిల్హో నోట్లో వేస్తే ఆ గింజ నాని, మొలకెత్తి, కాయ కాసినా బయటికి కబురు రాదు. జెచన్ పట్టణంలో ముప్పై ఒక్కేళ్లు సిటీబస్సు నడిపాడు. ప్రయాణికులకు ఆయన మెడ తెలుసు, గొంతు తెలియదు.

అయితే ఈ మనిషికి ఒక రహస్యం ఉంది. రెండేళ్ల క్రితం ఉద్యోగం నుంచి దిగిపోయాక, ఇంట్లో ఒంటరిగా వెల్లుల్లి ఒలుస్తూ, చప్పుడు కోసం టీవీ పెట్టుకునేవాడు. మొదట్లో సీరియల్ మాటలు చెవిన పడేవి. తర్వాత మనసున పడ్డాయి. ఒకరోజు ఒక ధనవంతుల కుర్రాడు నడివీధిలో హీరోయిన్ మణికట్టు పట్టుకుని బరబరా లాక్కెళ్తుంటే, వెనకాల వయొలిన్లు మోగుతుంటే, గిల్హో చేతిలోని వెల్లుల్లిపాయ టీవీకేసి విసిరాడు. అంతటితో కోపం చల్లారక ఆ టీవీ సంస్థవాళ్ల ప్రేక్షకుల పేజీలో నాలుగు ముక్కలు రాశాడు. అరవై నాలుగేళ్ల మాజీ బస్సు డ్రైవరు ప్రేమ గురించి మాట్లాడుతున్నాడంటే నవ్విపోతారని, కింద "జెచన్ వదిన" అని సంతకం పెట్టాడు.

జనం నవ్వలేదు. మర్నాటికి రెండు వందలమంది "నిజం చెప్పావు వదినా" అన్నారు. అప్పట్నుంచి వారం వారం రాస్తూనే ఉన్నాడు. ఇంట్లో ఒక్క మాట పెగలని మనిషికి అక్కడ వాక్యాలు ధారగా వచ్చేవి. వర్షంలో నిలబడి బాధపడేవాడికంటే గొడుగు తెచ్చేవాడు మేలని రాశాడు. జ్వరమొచ్చిన పిల్ల మంచం పక్కన కూర్చుని ఏడ్చే హీరోని "ముందు మందు తేరా నాయనా" అని మందలించాడు. జ్ఞాపకశక్తి పోయిన కథానాయకుడికి భార్య పేరు గుర్తులేదు గానీ ఆస్తి వివరాలెలా గుర్తున్నాయని నిలదీశాడు. దేశమంతటా ఆడవాళ్లు జెచన్ వదిన ఏమంటుందోనని ఆదివారం పొద్దున్నే ఎదురుచూసేవారు.

ఈ ఏడాది వస్తున్న శని ఆదివారాల సీరియల్‌లో దన్బీ అనే రొట్టెల దుకాణం పిల్ల ఉంది. ఆమె ప్రేమ కోసం ఇద్దరు పోటీ. ఒకడు తేగాంగ్, పెద్ద దుకాణాల యజమాని కొడుకు. ఇతడికి కారు తలుపు విసురుగా వేయడం, మణికట్లు పట్టుకోవడం వచ్చు. రెండోవాడు ఉన్సు అనే పశువుల డాక్టరు. గొడుగు, మందులు, వేడి సూపు అన్నీ వేళకు తెస్తాడు. అందుకే ఎవరికీ అక్కర్లేదు. జెచన్ వదిన మాత్రం మొదటి వారం నుంచీ ఉన్సు పక్షం.

కానీ శనివారం ఎపిసోడ్‌లో గిల్హోను పట్టుకుని కుదిపింది ఆ ఇద్దరూ కాదు, దన్బీ తండ్రి. ఆరోజు దన్బీ తల్లి అరవయ్యో పుట్టినరోజు. పుట్టినరోజు మనిషికి ఇంట్లోవాళ్లు సముద్రపు నాచుతో చారు కాచి పెట్టడం ఆనవాయితీ, కానీ ఆమె తన నాచు చారు తనే కాచుకుంది. తండ్రి వచ్చి కూర్చుని, రెండు గిన్నెలు తాగి, మూతి తుడుచుకుని లేచిపోయాడు.

గిల్హో చేతిలోని చాకు ఆగిపోయింది. నిరుడు వసంతంలో మాల్సున్‌కు అరవై నిండిన రోజున సరిగ్గా ఇదే జరిగింది. తేడా ఒక్కటే. దన్బీ తండ్రి కనీసం నోరు మూసుకుని తాగాడు. గిల్హో అయితే, "ఇవాళ నాచు చారేంటి?" అని కూడా అడిగాడు.

ఆ పొద్దున జెచన్ వదిన మామూలుకన్నా పొడుగ్గా రాసింది. రాస్తుంటే గిల్హోకు కళ్లు మండాయి. వెల్లుల్లి ఘాటేనని సర్దిచెప్పుకున్నాడు. చివర్లో సీరియల్‌లోని చారు గిన్నె ఫొటో పెడదామనుకున్నాడు. టీవీ తెరమీద నుంచి తీసిన ఆ ఫొటో ఫోనులో ఉంది. దాని పక్కనే, కొత్త బోర్డు రాయించడం కోసం శుక్రవారం తీసిన మాల్సున్ కొట్టు ఫొటో కూడా ఉంది. వెల్లుల్లి జిగట పట్టిన వేలు రెండింటి మధ్యలో జారింది. "బాంగ్ మాల్సున్ పచ్చళ్లు, జెచన్ సంత, మూడో వరస" అని స్పష్టంగా రాసి ఉన్న కొట్టు వదిన అభిప్రాయం కింద అతుక్కుని, దేశం మీదికి బయల్దేరింది. గిల్హో చూసుకోలేదు. ఒలిచిన వెల్లుల్లి సంచి భుజానేసుకుని స్నానశాలకు నడిచాడు. సంచినీ ఫోనునీ బట్టల అరలో పెట్టి తాళం వేశాడు.

రెండు గంటలు నానాడు. బయటికొచ్చేసరికి అరల గదిలో ఇద్దరు ముసలాళ్లు ముక్కులు మూసుకుని, "ఎవడో అర్లో కిమ్చీ పెడుతున్నట్టున్నాడురా" అని గొడవపడుతున్నారు. గిల్హో తలొంచుకుని సంచి లాక్కుని, ఫోను చూశాడు. సియోల్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు సోల్ పందొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. ఆపైన ఒక సందేశం: "నాన్నా, నీతో మాట్లాడను. అమ్మ కోసం వస్తున్నా. రైల్లో ఉన్నా."

దాని కింద ప్రేక్షకుల పేజీ నుంచి పదమూడు వందల జవాబులు. మొదటిది తెరిచాడు. "వదినా, ఆ బండరాయిని వదిలెయ్." రెండోది, "అడ్రసు దొరికింది అక్కల్లారా, పదండి." మూడోది చదవకముందే కింద ఉన్న ఫొటో కళ్లబడింది. వేడినీళ్లలో రెండు గంటలు కాగిన గిల్హో ఒళ్లు ఒక్కసారిగా చల్లబడిపోయింది.

సంత మూడో వరస మొదట్లోనే ఆయన కాళ్లు ఆగిపోయాయి. మాల్సున్ కొట్టు ముందు నలభైమందికి తక్కువ కాకుండా ఆడవాళ్లు బారు తీరి ఉన్నారు. పండగ ముందురోజు కూడా ఆ కొట్టు ముందు అంత జనాన్ని ఆయన చూడలేదు. కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. ఒకావిడ చేతిలో పూలగుత్తి ఉంది. గిల్హో పక్కనుంచి నక్కినక్కి వెళ్లబోతే, బారు మధ్యలో ఉన్న ఎర్రకోటావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"బాబాయిగారూ, బారులో రండి. మేం వొన్జు నుంచి బస్సెక్కి వచ్చాం."

"ఏంటమ్మా ఈ జనం?" అన్నాడు గిల్హో, ఎంత అమాయకంగా అనగలడో అంత అమాయకంగా.

"మీకు తెలీదా? మా వదినని మొగుడు అన్యాయం చేశాడు. అరవయ్యో పుట్టినరోజుకి ఆవిడ చారు ఆవిడే కాచుకుంటే, రెండు గిన్నెలు తాగి, ఇవాళ నాచు చారేంటన్నాడట! నేను వదినకి మొదట్నుంచీ తెలుసు. 'అల్లం టీ' అన్న పేరుతో రాసేది నేనే."

గిల్హో ఆమెకేసి కళ్లు విప్పార్చి చూశాడు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం తన రాతలకు మొట్టమొదట జవాబిచ్చే 'అల్లం టీ' ఈవిడేనా! పోయిన చలికాలంలో ఆయనకు జలుబు చేస్తే, ఏ అల్లం ఎంతసేపు మరిగించాలో రాసింది. ఆమెకు దండం పెట్టాలనిపించింది. కానీ ఇది సమయం కాదు.

"మీరే చెప్పండి బాబాయిగారూ," అందామె. "అలాంటి మొగుణ్ణి ఏం చెయ్యాలి?"

బారులో ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ కూడా తిరిగి చూశారు.

"అన్నం పెట్టకూడదు," అన్నాడు గిల్హో నీరసంగా.

"చూశారా, మగాళ్లలో కూడా మంచివాళ్లుంటారు," అని ఎర్రకోటావిడ సంతోషించి ఆయనకు దారి ఇచ్చింది.

కొట్లో మాల్సున్ ముఖం పిండిముద్దలా ఉంది. ఆమె పొద్దున ఎలా గడిచిందో గిల్హోకు తర్వాత తెలిసింది. మొదట వచ్చినావిడ ముల్లంగి కిమ్చీ తీసుకుని, చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండండి" అంది. రెండో ఆవిడ "ఇన్నాళ్లూ ఎలా భరించారు?" అని అడిగింది. మూడో ఆవిడ "ఇక మిగిలిన రోజులైనా మీ కోసం మీరు బతకండి" అని బోరుమంది. మాల్సున్ సీరియళ్లు చూడదు. శని ఆదివారాల్లో ఆ వేళకు ఆమె క్యాబేజీకి ఉప్పు పట్టిస్తూ ఉంటుంది. ప్రేక్షకుల పేజీ అనేది ఒకటుందనే తెలియదు. అందుచేత ఆమెకు తట్టింది ఒక్కటే. రెండు వారాల క్రితం ఆరోగ్య పరీక్ష చేయించుకుంది. రిపోర్టు ఇంకా తన చేతికి రాలేదు. ఊరందరికీ తెలిసిన సంగతి తన దగ్గర మాత్రమే దాస్తున్నారన్నమాట.

గిల్హోను చూడగానే ఆమె గరిట పక్కన పెట్టి, ఆయన్ను చొక్కా పట్టుకుని కొట్టు వెనక ఉప్పు తొట్ల దగ్గరికి లాక్కెళ్లింది.

"సోల్ నాన్నా, అబద్ధమాడకు. నీకు తెలుసు కదూ?"

గిల్హో తల దించుకున్నాడు. ఇక దాచి లాభం లేదు. "తెలుసు."

"ఎన్నాళ్లు?"

"రెండేళ్లు."

మాల్సున్ తొట్టి అంచు పట్టుకుంది. "రెండేళ్లేనా?"

"ఒకటి రెండు నెలలు అటూ ఇటూ."

"సోల్‌కి తెలుసా?"

"ఇవాళే తెలిసినట్టుంది. రైలెక్కిందట."

"అందరికీ చెప్పి నాకు చెప్పలేదేంటయ్యా!"

"నేనెవ్వరికీ చెప్పలేదు. ఫొటో పెట్టడంలో పొరపాటు..."

"ఫొటో కూడా పెట్టావా!" అని మాల్సున్ నోటికి కొంగులా ఆప్రాన్ అడ్డం పెట్టుకుంది. పత్రికల్లో సంతాపం ఫొటోలే ఆమె కళ్లముందు మెదిలాయి. "నాతో ఎందుకనలేదు?"

"సిగ్గేసింది."

"నేను చచ్చిపోతుంటే నీకు సిగ్గా!"

గిల్హోకు ఏమీ అర్థం కాలేదు. భార్యలకు కోపమొస్తే చచ్చిపోతాననడం సీరియళ్లలో చూశాడు గానీ, మాల్సున్ అలాంటి మనిషి కాదు. ఏదో అనబోయేంతలో ముందునుంచి పెట్టె చక్రాల గరగర వినిపించింది. సోల్ బారు చీల్చుకుంటూ, ఖాళీ పెట్టె ఈడ్చుకుంటూ వచ్చేసింది.

"అమ్మా, బట్టలు సర్దుకో. నాతో వచ్చెయ్."

"సియోల్ పెద్దాసుపత్రికా తల్లీ?"

"ఆసుపత్రెందుకు? లాయరు దగ్గరికి."

"అప్పుడే వీలునామా కూడానా!" మాల్సున్ కళ్లు గిర్రున తిరిగాయి. "కొట్టు నీకే రాస్తాలే. ముందు డాక్టరుకి చూపించండే, ఒకవేళ ఏమైనా చెయ్యొచ్చేమో."

"వీలునామా ఏంటమ్మా? విడాకులు!"

"చావబోయే ముందు విడాకులెందుకే? నాలుగు రోజులు ఓపిక పడితే ఆయనకే ఖర్చు లేకుండా పోతుంది కదా!"

తల్లీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటికే బారులోని ఆడవాళ్లు కొట్టు లోపలికి తొంగిచూస్తున్నారు. "శభాష్ అమ్మాయ్, తీసుకుపో" అని ఎవరో అరిచారు. సోల్‌కు ఎక్కడో పొంతన కుదరలేదనిపించింది. ఫోను తీసి, "అమ్మా, ఇది నువ్వు రాసిందే కదా?" అని పైకి చదవడం మొదలుపెట్టింది.

"అక్కల్లారా, దన్బీ తండ్రిని మీరందరూ తిడతారని తెలుసు. తిట్టండి. మా ఇంట్లోనూ అలాంటివాడొకడున్నాడు. నిరుడు అరవయ్యో పుట్టినరోజు చారు ఈ ఇంట్లోనూ ఎవరిది వాళ్లే కాచుకున్నారు. రోజంతా చల్లటి ఉప్పునీళ్లలో నానిన వేళ్లు, పగుళ్లు పడి, గరిట పట్టుకోవడానికే నొప్పి. అయినా గొడ్డు మాంసం ముక్కలన్నీ ఏరి ఆయన గిన్నెలో పడ్డాయి. ఇవతలి గిన్నెలో ఒట్టి నాచు. అవతలి మనిషి అవన్నీ చూశాడు. చూసి, రెండు గిన్నెలు తాగి, ఇవాళ నాచు చారేంటని అడిగి ఊరుకున్నాడు. ఆ మనిషికి కృతజ్ఞత లేదనుకోకండి. ఉంది. ఎంత లోపల దాచాడంటే, ఇప్పుడు కావాలంటే ఎక్కడ పెట్టాడో వాడికే దొరకట్లేదు."

ఎదుటి చేపల కొట్టువాడు కూడా కత్తి ఆపాడు.

మాల్సున్ నెమ్మదిగా, "నేను రాయలేదు," అంది. "నాకు ఫోనులో అక్షరాలు కొట్టడమే రాదు. కానీ ఇందులో ఉన్నదంతా జరిగింది. ఆ వంటింట్లో ఉన్నది ఇద్దరమే. నేను రాయలేదు."

నలభైమంది ఆడవాళ్లు, ఒక కూతురు, ఒక చేపలవాడు కలిసి గిల్హో వైపు తిరిగారు. ఆయన వెల్లుల్లి సంచిని పసిబిడ్డలా రొమ్ముకు హత్తుకున్నాడు.

"నేనే," అన్నాడు. "జెచన్ వదినని నేనే."

మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత అందరికీ ఒకేసారి కోపం వచ్చింది. "వదిన పేరు చెడగొట్టడానికి మొగుడు వేసిన ఎత్తు ఇది" అంది పూలగుత్తి ఆవిడ. "ఇందాక అన్నం పెట్టొద్దన్నది ఈయనే కదా!" అని ఎర్రకోటావిడ నోరు తెరిచింది. ఆమెకు చప్పున ఒక ఆలోచన వచ్చింది.

"ఆగండి. ఈయన వదినైతే ఒకటి చెప్పాలి. పోయిన నెల్లో తేగాంగ్ కారు తెచ్చి ఎక్కమంటే దన్బీ ఎక్కేసింది. ఎక్కొచ్చా, ఎక్కకూడదా? ఎందుకు?"

గిల్హో జీవితంలో అంతమంది ముందు నోరు విప్పలేదు. కానీ ఆ ప్రశ్న వినగానే ఆయనలో ఏదో గేరు పడింది.

"ఎక్కకూడదు. వాడు ఎక్కమనలేదు కాబట్టి. ఏమన్నాడు? ఏమీ అనలేదు. చెయ్యి పట్టి లోపలికి తోశాడు. నేను ముప్పై ఒక్కేళ్లు బస్సు నడిపానమ్మా. తలుపు తెరిచేవాణ్ణి, ఆగేవాణ్ణి. ఎక్కాలనుకున్నవాళ్లు ఎక్కేవాళ్లు, లేనివాళ్లు లేదు. ఎవరైనా ఆడపిల్లని అలా లాక్కొచ్చి నా బస్సు ఎక్కించబోతే బండి కదిలించేవాణ్ణి కాదు. ఈ కుర్రాడికి ఇరవై ఆరు కార్లున్నాయి గానీ తలుపు తెరిచి ఆగడం రాదు. ఉన్సుకి ఉన్నది ఒక డొక్కు వ్యాను, అందులో మేకలు. కానీ వాడు ఆగుతాడు. వానలో గంటసేపు ఆగాడు. ప్రేమంటే అంతే కదా, తలుపు తెరిచి ఆగడం!"

ఎర్రకోటావిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వదినే!" అంది. "అక్కల్లారా, మా వదినే!"

బారు పొడవునా ఆ మాట పాకింది. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. పూలగుత్తి ఆవిడ ఎవరికివ్వాలో తేల్చుకోలేక గుత్తిని ముల్లంగి గిన్నెలో గుచ్చింది.

మాల్సున్ మాత్రం కదలలేదు. "ముప్పై నాలుగేళ్లలో," అంది, "నువ్వు ఇన్ని మాటలు ఒక్క ఊపున మాట్లాడటం ఇదే మొదలు. అదీ మేకల వ్యాను గురించి." ఆ తర్వాత అసలు సంగతి గుర్తొచ్చి గట్టిగా అడిగింది. "మరి నా జబ్బో?"

"ఏం జబ్బు?"

"ఆరోగ్య పరీక్ష రిపోర్టయ్యా!"

"అదా. గురువారమే వచ్చింది. అంతా బాగుందట."

"గురువారం వస్తే చెప్పవేం!"

"బాగానే ఉందిగా. ఇక చెప్పడానికేముందని..."

బారు మొత్తం ఒక్క గొంతుతో మూలిగింది. ఎర్రకోటావిడ నుదురు కొట్టుకుని, "రాతల్లో వదిన, ఇంట్లో దన్బీ నాన్న," అంది.

ఆ మాట గిల్హోకు సూటిగా తగిలింది. మాల్సున్ పొద్దున్నించి చావుకు సిద్ధపడి, ఆ చేతులతోనే నలభైమందికి పచ్చళ్లు కట్టి ఇచ్చిందని అప్పుడు తెలిసొచ్చింది. ఆయన సంచి కింద పెట్టాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక రెండూ వెనక్కి కట్టుకున్నాడు, పై అధికారి ముందు నిలబడినట్టు.

"మొదటి బస్సు ఐదుంపావుకి," అన్నాడు. "నువ్వు నాలుగింటికి లేచేదానివి. డబ్బాలో అన్నం పెట్టి, తువ్వాలు చుట్టి ఇచ్చేదానివి. పదకొండింటికి తెరిస్తే ఇంకా వెచ్చగా ఉండేది. మిగతా డ్రైవర్లు చూసి ఏడ్చేవాళ్లు. ఆ సంగతి నీకు చెప్పలేదు. మా అమ్మ మంచం పట్టాక తొమ్మిదేళ్లు గంజి తాగించావు. చనిపోయే ముందు రోజు నాతో అంది, ఈ ఇంట్లో నా కడుపున పుట్టింది మాల్సునే, నువ్వు అల్లుడివిరా అని. అదీ చెప్పలేదు. చెప్పాలని ఉండేది. ఎలా చెప్పాలో తెలిసేది కాదు. సీరియల్లో కుర్రాళ్లు చక్కగా చెప్తుంటే చూసి, ఇలా కాదు అలా చెప్పాలిరా అని వాళ్లకి రాసేవాణ్ణి. నిజానికి నేనే ప్రాక్టీసు చేస్తున్నా. రెండేళ్లయింది. ఇంకా రాలేదు."

సోల్ పెట్టె మీద కూలబడి ముక్కు చీదుకుంటోంది.

మాల్సున్‌ది కూడా ఈ ఊరే. ఇక్కడివాళ్లు ఇల్లు తగలబడినా "కాస్త వెచ్చగా ఉందే" అంటారని పేరు. ఆమె పగిలిన వేళ్లతో కళ్లు ఒత్తుకుని, ఉప్పు తగిలి చురుక్కుమనడంతో "అబ్బా" అంది. తర్వాత గోడకున్న రెండో ఆప్రాన్ తీసి ఆయన మెడలో వేసి, వెనక్కి తిరగమని ముడి వేసింది. మామూలుకన్నా కాస్త ఎక్కువసేపే వేసింది.

"అత్తయ్య నిజంగా అలా అందా?"

"అంది."

"తొమ్మిదేళ్లకి ఆ ఒక్క మాట చాలు నాకు. అది కూడా నీ దగ్గరే దాచుకున్నావు, బండరాయా." ఆమె ముక్కు ఎగబీల్చి గరిట అందుకుంది. "ఆ ఎర్రకోటు చెల్లెలు వొన్జు నుంచి వచ్చిందట. ముందు ఆవిడకి ఇవ్వు. నువ్వుల ఆకు పచ్చడి మంచిది, అది పెట్టు. కొంచెం ఎక్కువే పెట్టు."

రెండింటికల్లా కొట్లో గిన్నెలు అద్దాల్లా ఖాళీ అయ్యాయి. గిల్హో పొట్లం కట్టిన ప్రతి ఆడమనిషికీ వంగి దండం పెట్టాడు. 'అల్లం టీ' గారికి రెండుసార్లు పెట్టి, "ఆ జలుబు తగ్గిందండీ, మీ పుణ్యమా అని" అన్నాడు. చలికాలం నుంచి ఆయన బాకీపడిన మాట అది. ఆవిడ ఎగాదిగా చూసి, "మీరు రాయడం మానొద్దు వదినా, అన్నయ్యగారూ, ఏదో ఒకటి," అని నవ్వుతూ బస్సెక్కడానికి వెళ్లింది. పూలగుత్తి ఆవిడ వచ్చే వారం కూడా వస్తానంది, పూల కోసం కాదు, ముల్లంగి కోసం. లాయరు కోసం తెచ్చిన ఖాళీ పెట్టెలో సోల్ సియోల్‌కు మూడు డబ్బాల కిమ్చీ సర్దుకుంది.

ఆ సాయంత్రం కొట్లో అమ్మడానికేమీ మిగల్లేదు గనక మాల్సున్ పెందలాడే ఇల్లు చేరింది. ఎనిమిదింటికి ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. ఆమె ఒక సీరియల్ మొదటినుంచి చివరిదాకా చూడటం పెళ్లయ్యాక అదే మొదటిసారి. గిల్హో పక్కనే కూర్చుని ఎవరు ఎవరో ఓపిగ్గా చెప్పాడు. అంత ఆనందంగా ఆయన బస్సు కూడా ఎప్పుడూ నడపలేదు. భార్య కూడా ఉన్సు పక్షం చేరిపోతుందని, ఇక ఇంట్లోనే మాట్లాడుకోవడానికి ఒక మనిషి దొరికిందని లోలోపల పొంగిపోయాడు.

తెర మీద తేగాంగ్ దన్బీ ఇంటిముందు మంచులో నిలబడి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు.

"పాపం, బిడ్డ," అంది మాల్సున్.

గిల్హో ఉలిక్కిపడ్డాడు. "వీడా? మణికట్లు పట్టి లాగేది వీడే!"

"తల్లి లేకుండా పెరిగినవాడయ్యా. నేర్పేవాళ్లు లేరు. నేర్పిస్తే నేర్చుకుంటాడు. కళ్లు చూడు, ఎంత ఆకలిగా ఉన్నాడో. మీ గొడుగు డాక్టరుకేం, వాడికి అందరూ ఉన్నారు, మేకలతో సహా."

"నేర్పిస్తే నేర్చుకుంటాడని గ్యారంటీ ఏంటి?"

మాల్సున్ తెర మీంచి చూపు తిప్పకుండానే, ఆయన ఒళ్లోకి బత్తాయి తొన ఒకటి విసిరింది. "కాస్త టైము పడుతుంది," అంది.

సోల్ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. మర్నాడు పొద్దున వెల్లుల్లి బుట్టల ముందు ఫోను పట్టుకుని కూర్చున్న గిల్హో పక్కన మాల్సున్ కూడా చేరి, తను చెప్పింది చెప్పినట్టు రాయమని పట్టుబట్టింది. ఆ వారం జెచన్ వదిన అభిప్రాయం రెండు భాగాలుగా వెలువడింది. రెండో భాగం మొదటిదాన్ని పూర్తిగా ఖండించింది.